అమెరికాలో స్పీడింగ్ టికెట్, వైజాగ్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్: వీసాకు ఏది అడ్డం?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మావారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. పెద్దబ్బాయి అమెరికాలో, వర్జీనియాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఎమ్మెస్ అయ్యాక ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేయనిచ్చే అనుమతి) మీద చేరి, అక్కడ ఉండగానే హెచ్‌1బీ ఉద్యోగ వీసాకు మారాడు. పాస్‌పోర్టులో ఆ వీసా ముద్ర, అంటే స్టాంపింగ్, ఇంకా పడలేదు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. వాడు పెళ్లికి వచ్చి, హైదరాబాద్‌లో స్టాంపింగ్ చేయించుకుని వెళ్లాలనుకున్నాడు. ఈలోగా హైవే మీద 65 మైళ్లు దాటకూడని చోట 88లో వెళ్తున్నాడని పోలీసు ఆపి కాగితం ఇచ్చాడు. కోర్టు తేదీ సరిగ్గా పెళ్లయిన మూడో రోజు పడింది. అక్కడే ఉండే మా ఆడపడుచు కొడుకు, ‘ఇప్పుడు ఇండియా వెళ్తే మళ్లీ రానివ్వరు, చిన్న టికెట్లకే వెనక్కి పంపేస్తున్నారు’ అంటున్నాడు. ద్వారకానగర్‌లో వీసా ఫారాలు నింపిపెట్టే ఆయనేమో, ‘ఇది కేసే కాదమ్మా, అన్నిటికీ నో అని పెట్టేద్దాం’ అంటున్నాడు. పెద్దవాణ్ణి రమ్మనాలా వద్దా? చిన్నబ్బాయి కూడా వచ్చే ఆగస్టుకి ఎమ్మెస్‌కి వెళ్లాలని చూస్తున్నాడు. వాడి బండి మీద హెల్మెట్ చలానాలున్నాయి. పోయిన ఏడాది బీచ్ రోడ్డులో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికి కోర్టులో ఫైన్ కట్టి వచ్చాడు. అది ఇక్కడి సంగతే కాబట్టి అమెరికా వీసాకు ఇబ్బంది ఉండదనుకుంటున్నాం. – ఒక తల్లి

సమాధానం:

అమ్మా, పెద్దబ్బాయిని రమ్మనండి. కాకపోతే విమానం టికెట్ కొనేముందు కోర్టు సంగతి ఒక కొలిక్కి రావాలి. మీరు ఉత్తరమంతా పెద్దబ్బాయి గురించి రాసి, చిన్నబ్బాయి గురించి చివర్లో రెండు మూడు వాక్యాలు రాశారు. నన్నడిగితే వీసా ఆఫీసరు ఎక్కువసేపు ఆగేది ఆ చివరి వాక్యాల దగ్గరే. అక్కడికి తర్వాత వస్తాను.

మీ ఆడపడుచుగారి అబ్బాయి మాటల్లో కొంత నిజం ఉంది. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో చదువుతున్న, ఓపీటీ మీద పనిచేస్తున్న వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయిపోయాయి. సెవిస్ అంటే విదేశీ విద్యార్థుల వివరాలన్నీ ఉండే అక్కడి ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ. సుమారు 13 లక్షల మంది పేర్లను పోలీసుల నేర రికార్డులతో సరిచూస్తే దాదాపు 6,400 పేర్లు తగిలాయని అధికారులే తర్వాత కోర్టులో చెప్పారు. అలా తగిలినవాళ్లలో చిన్న ట్రాఫిక్ కేసులవాళ్లు, జడ్జి ఎప్పుడో కొట్టేసిన కేసులవాళ్లు కూడా ఉన్నారు. విద్యార్థులు కోర్టులకెక్కారు, చాలాచోట్ల జడ్జీలు తాత్కాలిక ఉత్తర్వులిచ్చారు, ఏప్రిల్ 25న ప్రభుత్వమే రికార్డులను పునరుద్ధరిస్తున్నట్టు చెప్పింది. ఆ రోజుల్లో మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో నిద్రలేదో నాకు తెలుసు. పిల్లలు ఫోన్ ఎత్తకపోతే చాలు, తల్లుల గుండె జారిపోయేది. ఆ భయం ఇప్పటికీ పోలేదు. కానీ అది విద్యార్థుల రికార్డుల మీద పడిన దెబ్బ. మీవాడు ఇప్పుడు హెచ్‌1బీలో ఉన్నాడు. స్పీడుగా నడిపినవాణ్ణి దేశం నుంచి పంపేయాలని చట్టం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

చట్టం చూసేది వేరే. అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో మనిషిని లోపలికి రానివ్వకుండా చేసే నేరాల జాబితా ఉంది. మోసం, దొంగతనం, మత్తుమందులు, దురుద్దేశంతో ఇంకొకరికి హాని చేయడం, ఇలాంటివి. రెడ్ లైట్ దాటడం, స్పీడుగా వెళ్లడం, పార్కింగ్ తప్పులు ఆ కోవలోకి రావు. సిటిజన్‌షిప్ దరఖాస్తు సూచనల్లో కూడా, అరెస్టు లేకుండా, మద్యం, డ్రగ్స్ సంబంధం లేకుండా, 500 డాలర్ల లోపు జరిమానాతోనో లైసెన్సు మీద పాయింట్లతోనో తేలిపోయిన ట్రాఫిక్ టికెట్లకు కాగితాలు జతచేయక్కర్లేదని ఉంటుంది. అంటే ఇలాంటివి వస్తాయని వాళ్లకు తెలుసు, మామూలుగా వాటికి కాగితాలు కూడా అడగరు.

చిక్కంతా ఏ రాష్ట్రం ఏ తప్పుకు ఏ పేరు పెట్టిందన్న దాంట్లో ఉంది. చాలా రాష్ట్రాల్లో స్పీడింగ్ నేరం కిందికే రాదు, జరిమానాతో పోయే ఉల్లంఘన అంతే. టెక్సాస్‌లో అదే టికెట్‌ను కింది తరగతి నేరమంటారు, కానీ దానికి జరిమానా తప్ప జైలుశిక్ష లేదు. వర్జీనియా మాత్రం వేగం విషయంలో చాలా కఠినంగా ఉంటుంది. మీ అబ్బాయిని ఆ కాగితం ఫొటో తీసి పంపమనండి. నేరం ఏమిటో రాసే గడిలో చట్టం సెక్షన్ నంబరు ఉంటుంది. 46.2-862 అని ఉంటే అది రెక్‌లెస్ డ్రైవింగ్, అంటే ప్రమాదకరంగా నడపడం. పరిమితి కంటే 20 మైళ్లు గానీ అంతకు మించి గానీ ఎక్కువ వెళ్లినా, పరిమితి ఎంతున్నా సరే 85 దాటినా వర్జీనియాలో ఆ సెక్షన్ పడుతుంది. 65 దగ్గర 88 అంటే రెండు రకాలుగానూ దానికిందకే వస్తుంది. అది క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే కింది స్థాయి క్రిమినల్ నేరాల్లో అన్నిటికంటే పెద్ద తరగతి. చట్టం ప్రకారం గరిష్ఠ శిక్ష 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా. మొదటిసారి దొరికినవాడికి ఆ వేగానికి జైలు దాకా వెళ్లడం సాధారణంగా జరగదు, కంగారు పడకండి. కానీ శిక్ష పడితే అది జరిమానా టికెట్ కాదు, క్రిమినల్ నేరం కింద రికార్డు. ద్వారకానగర్ ఆయన ‘కేసే కాదు’ అన్నది ఇక్కడే తప్పు.

ఈ సెక్షన్ కింద టికెట్‌ను ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి వదిలించుకోవడానికి వీల్లేదు. కోర్టుకు వెళ్లాలి. అబ్బాయి వెంటనే ఆ కౌంటీ కోర్టులో రోజూ ట్రాఫిక్ కేసులు వాదించే లాయరును పెట్టుకోవాలి. నలుగురు రూమ్‌మేట్లను, వాట్సాప్ గ్రూపులను అడగడం ఆపేయమనండి. లాయరు ముందుగా కారు స్పీడోమీటర్‌ను పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెమ్మంటారు, డ్రైవింగ్ క్లాసుకు వెళ్లి పూర్తిచేసిన కాగితం పట్టుకురమ్మంటారు, పాత డ్రైవింగ్ రికార్డు శుభ్రంగా ఉందని చూపిస్తారు. ఇవన్నీ జడ్జి ముందు పెట్టి, రెక్‌లెస్‌ను మామూలు స్పీడింగ్‌గానో, ఇంప్రాపర్ డ్రైవింగ్‌గానో తగ్గించమని అడుగుతారు. ఇంప్రాపర్ డ్రైవింగ్ అంటే వర్జీనియా చట్టంలో 500 డాలర్ల లోపు జరిమానాతో పోయే ఉల్లంఘన, నేరం కాదు. అలా తగ్గితే మీ ఇంటికి పట్టిన బెంగ చాలావరకు తీరినట్టే.

లాయరుకు మొదటి మాటలోనే ‘నేను హెచ్‌1బీ మీద ఉన్నాను, అమెరికా పౌరుణ్ణి కాదు’ అని చెప్పమనండి. నేరం ఒప్పుకుంటే ఇమ్మిగ్రేషన్ పరంగా ఏమవుతుందో క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అని 2010లో పడీయా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఇది ఎందుకంటే, స్థానికులకు లాభంగా ఉండే ఒప్పందం మనవాళ్లకు నష్టం కావచ్చు. ఉదాహరణకు, ‘ఇప్పుడు తప్పు ఒప్పుకో, ఆరు నెలలు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తాం’ అంటారనుకోండి. అక్కడి పౌరుడికి అది వరం. ఇమ్మిగ్రేషన్ చట్టంలో మాత్రం, తప్పు ఒప్పుకుని దానికి ఏదో ఒక శిక్షో షరతో పడితే, తర్వాత కేసు కొట్టేసినా అది శిక్షపడినట్టే లెక్క. రికార్డు చెరిపేయించుకున్నా అంతే. అందుకని ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఒక్క గంట ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడమనండి. దానికయ్యే ఖర్చుకు వెనకాడొద్దు.

ఇక పెళ్లి, కోర్టు తేదీ. నాకు ఎక్కువ భయమున్నది ఇక్కడే. చిన్న టికెట్లు మనవాళ్ల పిల్లల్ని కష్టాల్లోకి నెట్టిన తీరు చూస్తే ప్రతిసారీ ఒకే దారి కనిపిస్తుంది. టికెట్ వస్తుంది. సెమిస్టరు హడావుడిలోనో ఇల్లు మారడంలోనో మర్చిపోతారు. కోర్టు ఉత్తరం పాత అడ్రసుకు వెళ్తుంది. హాజరు కాలేదని, జరిమానా కట్టలేదని కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు సస్పెండ్ అవుతుంది. ఆ సంగతే వాళ్లకు తెలీదు. ఇంకో రోజు ఇంకో ఊళ్లో టెయిల్ లైటు వెలగడం లేదని పోలీసు ఆపుతాడు. లైసెన్సు నంబరు కొట్టగానే సస్పెన్షన్ కనిపిస్తుంది, ఒక్కోసారి వారంటు కూడా కనిపిస్తుంది. సస్పెండైన లైసెన్సుతో బండి నడపడం చాలా రాష్ట్రాల్లో నేరం. చేతులకు బేడీలు, స్టేషన్‌లో వేలిముద్రలు. ఆ వేలిముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కడి నుంచి ఇమ్మిగ్రేషన్ వాళ్లకు చేరతాయి. తర్వాత ఎప్పుడో హైదరాబాద్‌లో వీసా కోసం వేలు పెట్టగానే ఆ అరెస్టు తెరమీదికి వస్తుంది. మొదట్లోనే కట్టేసి ఉంటే ఏమీ ఉండేది కాదు.

కాబట్టి కోర్టు తేదీ నాడు మీ అబ్బాయి ఇంకా ఇక్కడ పెళ్లింట్లోనే ఉంటే, అక్కడ కోర్టులో వాడి పేరు పిలిచినప్పుడు జవాబు చెప్పేవాళ్లు ఉండి తీరాలి. లాయరు రెండు పనులు చేయొచ్చు. కేసును పెళ్లికి ముందుకు జరపమని అడగొచ్చు, లేదా తర్వాతకు వాయిదా కోరొచ్చు. కొన్ని కోర్టుల్లో లాయరు ఒక్కరు హాజరైనా సరిపోతుంది, అది ఆ జడ్జిని బట్టి ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, ముందుకు జరిపి కేసు పూర్తిచేసుకుని, తీర్పు కాపీ మీద కోర్టు ముద్ర వేయించుకుని బయల్దేరడం అన్నిటికంటే మంచిది. కేసు తేలకుండా స్టాంపింగ్‌కు వెళ్తే వీసా నిరాకరిస్తారని కాదు. ఆఫీసరు ‘కోర్టు తేల్చిన కాగితం తెచ్చాక చూస్తాను’ అని ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 221జీ సెక్షన్ కింద ఆపొచ్చు. తేలాల్సిన కేసు వర్జీనియాలో, మనిషి వైజాగ్‌లో మీ ఇంట్లో. అలా వారాలు గడిస్తే ఉద్యోగం మీదకు వస్తుంది. అందుకని ముందుకు జరపడం కుదరకపోతే, స్టాంపింగ్ ఆలస్యమైతే కొన్ని వారాల సెలవు ఇస్తారా, ఇక్కడి నుంచి పని చేయనిస్తారా అని కంపెనీ హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో ముందే అడగమనండి. వాళ్లు ఒప్పుకుంటే రావొచ్చు. ఒప్పుకోకపోతే ఏం చేయాలన్నది అన్నాచెల్లెళ్లు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. అందులో నేను తలదూర్చను.

హెచ్‌1బీలో అమెరికాలో ఉండటానికి ఈ టికెట్ వల్ల మీవాడికి ఇప్పటికిప్పుడు వచ్చిన ముప్పేమీ లేదు. వీసా స్టాంపు లోపలికి రావడానికి, స్టేటస్ లోపల ఉండటానికి. పెళ్లికి వస్తే తిరిగి వెళ్లడానికి స్టాంపు కావాలి కాబట్టే ఇంత జాగ్రత్త.

ఇప్పుడు ఆ ‘నో’ సంగతి. వీసా దరఖాస్తుకు నింపే డీఎస్-160 ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. మీరు ఎప్పుడైనా ఏ నేరానికైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, తర్వాత క్షమాభిక్ష లాంటిది దొరికినా సరే చెప్పండి అని దాని సారాంశం. అది ఏ దేశంలోనైనా, ఎన్నేళ్ల కిందటైనా వర్తిస్తుంది. మీ పెద్దబ్బాయి కేసు మామూలు స్పీడింగ్‌గా తగ్గిపోయి, వాణ్ణి స్టేషన్‌కు తీసుకెళ్లడం, వేలిముద్రలు తీయడం జరగకపోతే, లాయరు సలహాతో ‘నో’ అనడానికి ఆధారం ఉంటుంది. రెక్‌లెస్ కింద శిక్ష పడితే ‘యెస్’ అని పెట్టి, కింద ఖాళీలో ఏం జరిగిందో, కోర్టు ఏం తేల్చిందో రెండు వాక్యాల్లో రాయాలి. ఎలా తేలినా కాగితాలు ఫైల్లో పెట్టుకుని వెళ్లాలి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కిటికీ అవతల ఆఫీసరు అడిగితే, ‘ఫలానా తేదీన స్పీడుగా వెళ్లాను, కోర్టుకు వెళ్లాను, జరిమానా కట్టాను, ఇదిగో కాగితం’ అని చెప్పి ఆగిపోవాలి. పోలీసుదే తప్పని అక్కడ వాదించొద్దు.

రెక్‌లెస్ డ్రైవింగ్ మామూలుగా వీసాను ఆపే నేరాల జాబితాలోకి రాదు. కానీ తెలిసి అబద్ధం చెబితే, అది వీసా నిర్ణయాన్ని మార్చేదని వాళ్లు తేలిస్తే, జీవితాంతం అమెరికాలోకి అనుమతి లేకుండా పోయే సెక్షన్ వేరే ఉంది. అంటే తప్పుకు లేని శిక్ష, దాచినందుకు పడుతుంది. ఆ ఫారం కింద సంతకం మీ అబ్బాయిది, నింపినాయనది కాదు. ఆయన మీద మీకెంత నమ్మకమున్నా ఆ ప్రశ్నల పేజీని మీ అబ్బాయే స్వయంగా నింపాలి.

చిన్నబ్బాయి దగ్గరికి వద్దాం. హెల్మెట్ చలానాల గురించి నిశ్చింతగా ఉండండి. మోటారు వాహనాల చట్టంలో 200వ సెక్షన్ కింద కొన్ని తప్పులకు అక్కడికక్కడే డబ్బు కట్టి ముగించుకోవచ్చు. హెల్మెట్ అలాంటిదే. కట్టేశాక కోర్టు ఉండదు, శిక్షపడిన కేసు అన్న మాటే రాదు. బకాయిలు ఉంటే ఈ వారంలోనే ఈ-చలానా సైటులో కట్టేయమనండి, రసీదు దాచమనండి.

డ్రంక్ అండ్ డ్రైవ్ అలా కాదు. అది 185వ సెక్షన్. డబ్బు కట్టి రోడ్డు మీదే ముగించుకునే తప్పుల్లో దానికి చోటు లేదు, అందుకే కోర్టుకు పంపారు. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. వాడు చేసింది ఏమిటంటే, మేజిస్ట్రేటు ముందు నిలబడి ‘తప్పు చేశాను’ అని ఒప్పుకుని జరిమానా కట్టడం. మన ఇళ్లలో దాన్ని ఫైన్ అంటాం. కోర్టు రికార్డులో అది శిక్షపడిన కేసు. బీచ్ రోడ్డులో జరిగినా, అమెరికాలో జరిగినా డీఎస్-160 దృష్టిలో ఒకటే. వాడు ‘యెస్’ అని పెట్టాల్సిందే.

పెడితే వీసా రాదా? అలా అనుకోవద్దు. ఒక్కసారి తాగి బండి నడిపిన కేసు ఒక్కటే ఉంటే, అంతమాత్రాన చట్టప్రకారం అనర్హుడు కాడు. కానీ గత ఐదేళ్లలో మద్యానికి సంబంధించిన అరెస్టుగానీ శిక్షగానీ ఒక్కటి ఉన్నా, పదేళ్లలో రెండు ఉన్నా, ఆఫీసరు కాన్సులేట్ గుర్తించిన డాక్టరు దగ్గరికి పంపుతారు. ఆ డాక్టరు చూసేది వీడికి తాగుడు అలవాటు జబ్బుగా ఉందా, దానివల్ల వీడికో ఇతరులకో ప్రమాదం ఉందా అని. అలా ఉందని తేలితే వైద్యపరమైన అనర్హత వస్తుంది, ఏడాదిపాటు దానికి దూరంగా ఉన్నట్టు చూపించాకే మళ్లీ అవకాశం. ఒక పుట్టినరోజు రాత్రి చేసిన తప్పే అయితే, నిజం నిజంలా చెబితే, సాధారణంగా అక్కడితో ఆగుతుంది. కానీ పరీక్ష, రిపోర్టు, మళ్లీ కాన్సులేట్, వీటన్నిటికీ టైము పడుతుంది. ఆగస్టులో క్లాసులంటే జూలైలో ఇంటర్వ్యూ స్లాటు పెట్టుకోవడం వీడి విషయంలో కుదరదు. యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం చేతికి రాగానే మొదటి స్లాటు పట్టుకోవాలి.

అక్కడికి వెళ్లాక కూడా ఈ విషయం గుర్తుండాలి. అమెరికాలో తాగి నడిపిన కేసులో అరెస్టయితే, ఇంకా శిక్ష పడకముందే వీసా స్టాంపును రద్దు చేసే పద్ధతిని 2015 నుంచి అమలు చేస్తున్నారు. ముందు ముందు సిటిజన్‌షిప్ దగ్గర, లెక్కలోకి తీసుకునే ఏళ్లలో ఇలాంటి శిక్షలు రెండుంటే మంచి నడవడి లేదన్న అనుమానంతోనే మొదలుపెట్టి చూస్తారు. ఇప్పటికే ఇక్కడ ఒకటి ఉన్నవాడికి అక్కడ ఇంకొకటి అంటే చాలా ఖరీదైన రాత్రి అవుతుంది. ఈ మాట మీరు చెబితే వినకపోవచ్చు, వాళ్లన్నయ్య చేత చెప్పించండి.

చిన్నబ్బాయి పని ఈ వారమే మొదలుపెట్టాలి. కేసు నంబరు తెలీకపోతే ఈ-కోర్ట్స్ సైటులో పేరుతో వెతకొచ్చు. ఆ నంబరుతో ఏ కోర్టులో ఫైన్ కట్టాడో అక్కడే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించండి. జరిమానా కట్టిన రసీదు ఇంట్లో ఉంటే పారేయకండి. తీర్పు తేదీ, సెక్షన్, జరిమానా మొత్తం ఆ కాపీలో ఎలా ఉన్నాయో ఫారంలో కూడా అలాగే ఉండాలి, జ్ఞాపకం మీద రాయకూడదు. కాపీ చేతికొచ్చాకే డీఎస్-160 నింపడం మొదలుపెట్టమనండి.